ఏఎఫ్ తగ్గాక మిగిలే ఎక్స్‌ట్రా బీట్లు

గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్)‌కు మందులు వాడో, కరెంట్ షాక్ పెట్టించుకునో, అబ్లేషన్ చేయించుకునో ఇంటికి వచ్చినవాళ్లు ఉప్పల్, నాచారం కాలనీల్లో తరచూ తారసపడుతున్నారు. వాళ్ల నోట వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే. "ఏఎఫ్ పోయిందన్నారు, ఈసీజీ బాగుందన్నారు. మరి ఈ గుండె మధ్యమధ్యలో ఎందుకిలా తప్పుతోంది?" రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుంటే చాలు, ఒక్క క్షణం గుండె జారినట్టవుతుంది, ఆ వెంటనే ఛాతీలో గట్టి దెబ్బ. కొందరికి ఇది రోజుకు పదిసార్లు, కొందరికి నిమిషానికే పదిసార్లు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అంటారు. మెడికల్ షాపులో ఒక గ్యాస్ మాత్ర చేతిలో పెడతారు. డాక్టరు దగ్గరికి వెళ్తే "ఎక్టోపిక్సే, ఏం పర్లేదు" అన్న మాటతో పని అయిపోతుంది.

ఆ మాట చాలామంది విషయంలో నిజమే. అయితే ఆ మాట అనేముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి చూసి అంటే ఆ మాటే సగం వైద్యం. చూడకుండా అంటే రోగికి నమ్మకం కుదరదు, ఇంటికెళ్లి మళ్లీ నాడి పట్టుకుని కూర్చుంటాడు. ఎక్స్‌ట్రా బీట్లు ఎంత బాధిస్తున్నాయన్నది ఒక ప్రశ్న, ఎంత ప్రమాదమన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఈ రెండూ కలగాపులగం కావడం వల్లే అక్కర్లేని భయం ఒకవైపు, అక్కరున్న మందు మానేయడం మరోవైపు జరుగుతున్నాయి.

గుండె కుడి పై గదిలో ఉండే సైనస్ నోడ్ నుంచి ప్రతి దెబ్బకూ ఆదేశం రావాలి. అది రాకముందే ఇంకెక్కడో ఉన్న కణాలు తొందరపడితే అది ప్రీమెచ్యూర్ బీట్, అంటే ఎక్టోపిక్, మనం చెప్పుకుంటున్న ఎక్స్‌ట్రా బీట్. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర గ్రీన్ సిగ్నల్ పడకముందే ఒక ఆటో ముందుకు దూకినట్టన్నమాట. పై గదుల్లో పుడితే పీఏసీ, కింది గదుల్లో పుడితే పీవీసీ. ముందే వచ్చిన ఆ దెబ్బ సమయానికి గుండెలో రక్తం సరిగ్గా నిండి ఉండదు, అందుకని అది మణికట్టు దాకా చేరదు. దాని వెనక కాస్త పొడుగు విరామం వస్తుంది. ఆ విరామంలో గుండె మామూలుకన్నా ఎక్కువ నిండి, తర్వాతి దెబ్బ బలంగా పడుతుంది. మనకు తెలిసేది ఈ విరామం, ఈ బలమైన దెబ్బ. అంటే మనిషిని హడలగొట్టే ఆ గట్టి దెబ్బ నిజానికి సైనస్ నోడ్ పంపిన సక్రమమైన దెబ్బే.

మణికట్టు దాకా చేరకపోవడం అన్నది ఇళ్లలో పెద్ద గందరగోళం తెచ్చిపెడుతోంది. కొవిడ్ కాలంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ప్రతి మామూలు దెబ్బ వెంటా ఒక ఎక్స్‌ట్రా బీట్ వచ్చే స్థితిని బైజెమినీ అంటారు. అప్పుడు గుండె నిమిషానికి 80 సార్లు కొట్టుకుంటున్నా ఆక్సీమీటర్ 40 అని చూపిస్తుంది. ఆ 40 చూసి అర్ధరాత్రి ఆటో ఎక్కినవాళ్లు ఉంటారు, గుండె నిదానించడానికి వాడే మెటోప్రొలాల్ మాత్ర తమంతట తాము ఆపేసినవాళ్లూ ఉంటారు. బీపీ మిషన్‌ది కూడా ఇదే పరిస్థితి. అసలు లెక్క ఈసీజీలోనే తేలుతుంది.

ఇక ఏఎఫ్‌కూ ఈ ఎక్స్‌ట్రా బీట్లకూ ఉన్న చుట్టరికం. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరానికి చెందిన మిషెల్ హైసగ్యేర్ బృందం 45 మంది రోగుల గుండెలను లోపలినుంచి పరీక్షించి ఒక సంగతి బయటపెట్టింది. ఏఎఫ్‌ను రగిలిస్తున్నవి పీఏసీలే. వాటిలో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి ఎడమ పై గదికి రక్తం తెచ్చే పల్మనరీ సిరల్లోంచి వస్తున్నాయి. ఈరోజు హైదరాబాద్‌లో చేసే ఏఎఫ్ అబ్లేషన్ అంతా ఈ కనుగోలు మీదే నిలబడింది. రేడియో తరంగాలతో కాల్చినా, బెలూన్‌తో గడ్డకట్టించినా, కొత్తగా వచ్చిన పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతిలో చేసినా, ఆ సిరల చుట్టూ కంచె వేయడమే పని. కంచెకు లోపల పుట్టిన దెబ్బ గుండెకు చేరదు. బయట పుట్టేవాటిని మాత్రం ఆ కంచె ఆపలేదు.

అందుకే చికిత్స బాగా జరిగినా పీఏసీలు మిగలొచ్చు. మరో రెండు కారణాలూ ఉన్నాయి. అబ్లేషన్ తర్వాత కణజాలం వాచి, మానుతూ ఉంటుంది. ఆ సమయంలో ఎక్స్‌ట్రా బీట్లే కాదు, ఏఎఫ్ కూడా తాత్కాలికంగా తిరగొచ్చు. ఈ గడువును డాక్టర్లు బ్లాంకింగ్ పీరియడ్ అంటారు. చాలాకాలం దీన్ని మూడు నెలలుగా లెక్కపెట్టారు. 2024లో వచ్చిన అంతర్జాతీయ నిపుణుల పత్రం ఎనిమిది వారాలకు కుదించింది. రెండోది నరాల సంగతి. గుండెను నిదానపరిచే వేగస్ నరం చివరలు కొన్ని ఆ సిరల పక్కనే ఉంటాయి, కంచె వేసేటప్పుడు వాటికీ కొంత గాయమవుతుంది. దాంతో విశ్రాంతిలో గుండె వేగం పదో పదిహేనో పెరిగి కొన్ని నెలలు అలాగే ఉంటుంది. 65 ఉండే మనిషికి 80 కావడం చూసి జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. కాదు.

దీనికి తోడు నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. ఏఎఫ్‌లో ఏ దెబ్బకూ లయ ఉండదు, అంతా గజిబిజే. ఆ గజిబిజిలో ఒక ఎక్స్‌ట్రా బీట్ వస్తే ఎవరికి తెలుస్తుంది? లయ కుదిరాక మాత్రం ఒక్కటి తప్పినా తెలుస్తుంది. ఏళ్లతరబడి ఏఎఫ్ ఎప్పుడొస్తుందోనని కాచుకున్న మనసు ఆ ఒక్క తడబాటుకే ఉలిక్కిపడుతుంది. ఇది రోగి భ్రమ కాదు, అతిచేయడం కాదు. డాక్టరు గదిలో దీన్ని కొట్టిపారేయకుండా రెండు వాక్యాల్లో వివరిస్తే చాలు, చాలామందికి నిద్ర పడుతుంది.

అయితే ఏ రకం, ఎన్ని అన్నది లెక్క తేలాలి. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఛాతీకి తగిలించి రోజంతా ఈసీజీ తీసే హోల్టర్ రిపోర్టులో "వెంట్రిక్యులర్ ఎక్టోపిక్స్ 2,300" (అంటే పీవీసీలు) అని చూసి గుభేలుమనేవాళ్లు ఈ లక్షను గుర్తుపెట్టుకోవాలి. అది రెండున్నర శాతం కూడా కాదు. పీవీసీలు పది శాతం దాటితే గుండె పంపింగ్ మీద కన్నేసి ఉంచాలి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం డాక్టర్లు 2010లో 174 మందిని పరిశీలించినప్పుడు, పంపింగ్ దెబ్బతిన్నవాళ్లను దెబ్బతిననివాళ్లనుంచి వేరుచేసే గీత 24 శాతం దగ్గర కనిపించింది. మంచి సంగతేమిటంటే, అలా పీవీసీల వల్లే బలహీనపడిన గుండె, ఆ పీవీసీలను మందుతోనో అబ్లేషన్‌తోనో తగ్గిస్తే చాలావరకు కోలుకుంటుంది. కాబట్టి పీవీసీలు ఎక్కువున్నవాళ్లకు 2డీ ఎకో తప్పనిసరి. ఒకసారి తీసి వదిలేయకుండా డాక్టరు చెప్పిన గడువులో మళ్లీ తీయించాలి.

పీఏసీల కథ వేరు. ఇవి పంపింగ్‌ను పాడుచేయడం అరుదు. కానీ అవి పై గది ఆరోగ్యం ఎలా ఉందో చెబుతాయి. గుండెజబ్బు లేని 678 మంది నడివయసువాళ్లను, పెద్దవాళ్లను కోపెన్‌హేగన్‌లో హోల్టర్ పెట్టి ఏళ్లపాటు గమనించారు. గంటకు 30, అంతకు మించి పీఏసీలు ఉన్నవాళ్లలోనూ, వరసగా ఇరవై దెబ్బల పరుగు కనిపించినవాళ్లలోనూ తర్వాత ఏఎఫ్, పక్షవాతం ఎక్కువగా వచ్చాయి. 2010లో వెలువడిన ఈ ఫలితం తర్వాత పీఏసీలను పూర్తిగా తీసిపారేసే అలవాటు తగ్గింది. అబ్లేషన్ అయ్యాక పీఏసీలు బాగా ఎక్కువున్నవాళ్లలో ఏఎఫ్ తిరగబెట్టే అవకాశం ఎక్కువని కూడా కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అయినా ఏ సంఖ్య దాటితే భయపడాలన్న దానిమీద ఏకాభిప్రాయం లేదు. పైగా ఈ లెక్క ఒకరోజుకూ మరోరోజుకూ ఎంతో మారుతుంది. అందుకే 24 గంటల హోల్టర్‌లో ఏమీ దొరకకపోతే ఏడు నుంచి పద్నాలుగు రోజుల ప్యాచ్ పెట్టమని అడగడం న్యాయమే.

హోల్టర్ గురించి ఒక మాట. అది పెట్టిన రోజు సెలవు తీసుకుని మంచం మీద పడుకుంటే ప్రయోజనం లేదు. డ్యూటీకి వెళ్లాలి, మెట్లెక్కాలి, కూరగాయలు మోయాలి. ఏప్రిల్, మే నెలల్లో చెమటకు ఎలక్ట్రోడ్లు ఊడిపోతాయి, అందుకని పెట్టేముందు ఛాతీ శుభ్రం చేసి, అవసరమైతే వెంట్రుకలు తీసి అతికించమని టెక్నీషియన్‌ను అడగాలి. వాళ్లిచ్చే చీటీలో టైం రాయడం అన్నిటికన్నా ముఖ్యం. "4.20, స్కైవాక్ మెట్లు, మూడు దెబ్బలు తప్పాయి" అని రాసి ఉంటే, డాక్టరు ఆ 4.20 దగ్గర కాగితం చూస్తారు. అక్కడ ఎక్టోపిక్స్ ఉన్నాయో, మామూలు లయే ఉందో తేలిపోతుంది. బాధ అనిపించిన ప్రతిచోటా ఎక్టోపిక్స్ దొరకవు, దొరికిన ప్రతిచోటా బాధ ఉండదు.

కొందరి పీవీసీలకు వెనక ఇంకో జబ్బు ఉండొచ్చు. ఇక్కడ హైదరాబాద్ డాక్టర్ల పని చెప్పుకోదగ్గది. సి. నరసింహన్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, గుండె పంపింగ్ బాగానే ఉండి కింది గదుల్లో పుట్టే వేగమైన లయ, అంటే వెంట్రిక్యులర్ టాకీకార్డియాతో వచ్చిన కొందరిలో, ఛాతీలోని లింఫ్ గ్రంథులు వాచి ఉండడం, దాని వెనక టీబీ, సార్కాయిడోసిస్ వంటి జబ్బులు ఉండడం చూపించారు. మన దేశంలో టీబీ ఎంత మామూలో తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. అలాగే ఉప్పల్ రోడ్డు మీదే హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు, కె. తంగరాజ్ తదితరులు, 2009లో ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు చెరిగిపోయిన ఒక మార్పును దక్షిణాసియా వాసుల్లో దాదాపు 4 శాతం మంది మోస్తున్నారని, అది గుండె కండరం జబ్బుతో ముడిపడి ఉందని చెప్పారు. ఆ మార్పు ఉన్నంతమాత్రాన జబ్బు వస్తుందని కాదు. ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్లుంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు అడక్కుండానే చెప్పాలి.

ఏఎఫ్ మీద పుస్తకాలు చాలావరకు యూరప్, అమెరికా వృద్ధులను చూసి రాసినవి. మన రోగి వేరు. ఇండియన్ హార్ట్ రిథమ్ సొసైటీ 2011-12లో దేశంలోని 24 ఆసుపత్రుల నుంచి 1,537 మంది ఏఎఫ్ రోగుల వివరాలు సేకరించింది. సగటు వయసు 55 లోపే. దాదాపు సగం మందికి మూలం రుమాటిక్ గుండెజబ్బు, అంటే చిన్నప్పటి గొంతునొప్పి, కీళ్లజ్వరం తర్వాత పాడైన కవాటం. వీళ్లలో మైట్రల్ కవాటం బాగా సన్నబడినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఖరీదైన కొత్త బ్లడ్ థిన్నర్లు సరిపోవు. 2022లో ఇన్విక్టస్ అనే పెద్ద ప్రయోగంలో, నాలుగున్నర వేల మందికి పైగా రుమాటిక్ రోగుల్లో కొత్త మందైన రివరోక్సబాన్‌ను పాత మందులతో పోల్చి చూస్తే, పాత తరగతి మందు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువ. కాబట్టి ఆ పాత తరగతికి చెందిన అసిట్రోం వాడేవాళ్లు "పక్కింటాయనకు కొత్త మందు ఇచ్చారట" అని మార్చమని పట్టుబట్టకూడదు. రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పీటీ-ఐఎన్ఆర్ పరీక్ష నెలనెలా చేయించుకోవాలి. గోంగూర, తోటకూర, పాలకూర మానేయనక్కర్లేదు. ఒక వారం రోజూ తిని మరో వారం అసలు ముట్టకపోవడమే తప్పు.

మందులతో ఎక్స్‌ట్రా బీట్లను అణచివేయాలన్న కోరిక సహజం. కానీ వైద్యచరిత్రలో దీనికి చెల్లించిన మూల్యం పెద్దది. 1980లలో, గుండెపోటు వచ్చినవాళ్లలో పీవీసీలు తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయని నమ్మి అమెరికాలో కాస్ట్ అనే ప్రయోగం మొదలుపెట్టారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు పీవీసీలను చక్కగా తగ్గించాయి. మనుషులు మాత్రం ఎక్కువగా చనిపోయారు. 1991లో ప్రకటించిన లెక్క ప్రకారం 1,498 మందిలో మందు తీసుకున్నవైపు 63 మరణాలు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవైపు 26. ఫ్లెకైనైడ్ ఈనాటికీ మంచి మందే, కానీ పాత గుండెపోటు లేని, కండరం బాగున్న గుండెకే. అమియోడరోన్ బలంగా పనిచేస్తుంది, అయితే థైరాయిడ్, కాలేయం, ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఆరునెలలకోసారి టీఎస్‌హెచ్, లివర్ పరీక్షలు చేయకుండా దాన్ని ఏళ్లతరబడి మింగడం చూస్తే బాధ కలుగుతుంది. చాలామందికి చిన్న మోతాదు బీటా బ్లాకర్, ధైర్యం, ఓపిక సరిపోతాయి.

వాడే మందుల్లోనే ఎక్స్‌ట్రా బీట్లను పెంచేవి ఉంటాయి. మన ఇళ్లలో పరగడుపున పాంటొప్రజోల్ మింగడం కాఫీ తాగినంత అలవాటైపోయింది. ఈ తరగతి మందులు ఏడాదికి మించి వాడితే రక్తంలో మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. మెగ్నీషియం, పొటాషియం తగ్గితే గుండె కణాలు తేలిగ్గా రెచ్చిపోతాయి. దడను గ్యాస్ అనుకుని, గ్యాస్ మాత్రతో దడను పెంచుకునే వలయం ఇది. పాంటొప్రజోల్‌తో డోంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్ అయితే ఇంకా జాగ్రత్త. డోంపెరిడోన్ ఈసీజీలో క్యూటీ విరామాన్ని పొడిగిస్తుంది, లయ మందులు సోటలాల్, అమియోడరోన్ వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా దాని జోలికి పోకూడదు. అజిత్రోమైసిన్ కూడా ఆ కోవదే. నెబ్యులైజర్‌లో వేసే సాల్బుటమాల్ గుండెను పరిగెత్తిస్తుంది. ఒంటినీరు తీసే మాత్రలు పొటాషియంను కూడా తోడేస్తాయి.

టీ, కాఫీ విషయంలో జనం అనుకున్నంత లేదు. 2023లో ప్రచురించిన ఒక ప్రయోగంలో వంద మందిని కొన్ని రోజులు కాఫీ తాగమని, కొన్ని రోజులు మానమని చెప్పి నిరంతరం ఈసీజీ తీశారు. పీఏసీలు చెప్పుకోదగ్గంత పెరగలేదు, పీవీసీలు కొంచెం పెరిగాయి, నిద్ర అరగంటకు పైగా తగ్గింది. పొద్దున ఒక ఇరానీ చాయ్ మానేసి బెంగపెట్టుకోనక్కర్లేదు. మద్యం, కల్లు మాత్రం వేరే సంగతి. 2020లో ఆస్ట్రేలియా ప్రయోగంలో మద్యం మానిన ఏఎఫ్ రోగుల్లో 53 శాతానికి జబ్బు తిరగబెట్టింది, కొనసాగించినవాళ్లలో 73 శాతానికి. బోనాలు, పెళ్లిళ్లు అని మినహాయింపు ఇచ్చుకునేవాళ్లు ఆ రెండు అంకెలనూ చూడాలి. బరువు తగ్గడం, గురక ఉంటే నిద్ర పరీక్ష చేయించుకోవడం, బీపీ అదుపు, ఈ మూడూ ఏ మాత్రకూ తీసిపోవు.

అమెరికాలో స్థిరపడిన లక్కిరెడ్డి ధనుంజయ కాన్సస్‌లో చేసిన యోగా అధ్యయనం 2013లో వెలువడింది. 49 మంది మూడు నెలలు వారానికి రెండుసార్లు యోగా చేస్తే, బాధ తెలిసే ఏఎఫ్ విడతలు సగటున 3.8 నుంచి 2.1కి తగ్గాయి, ఆందోళన కూడా తగ్గింది. చిన్న అధ్యయనమే, పక్కన పోల్చడానికి వేరే గుంపు కూడా లేదు. అయినా ఎక్స్‌ట్రా బీట్లతో బతికేవాళ్లకు ఆందోళన తగ్గడమే పెద్ద లాభం కాబట్టి నేను దీన్ని సిఫారసు చేస్తాను. మందు మానేసి యోగా చేయమని ఆ అధ్యయనం ఎక్కడా చెప్పలేదు.

నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పనిచేసేవాళ్లకు ఇంకో రెండు కష్టాలు. షెడ్డు కింద వేసవి ఉక్కలో ఒళ్లంతా చెమటై నీళ్లు, లవణాలు పోతాయి. నైట్ డ్యూటీల వల్ల నిద్ర చెదురుతుంది. రాత్రిపని చేసేవాళ్లలో ఏఎఫ్ కొంత ఎక్కువని 2021లో బ్రిటన్ సమాచారం చెప్పింది. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న కార్మికులకు ఈఎస్ఐ కార్డు ఉంటుంది, నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. లయజబ్బుల ప్రత్యేక వైద్యం కోసం మాత్రం పడమరకు పోవాల్సి వస్తుంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే పంజాగుట్ట నిమ్స్, పరేడ్ గ్రౌండ్‌లో మారితే గాంధీ ఆసుపత్రి. అంత దూరం వెళ్లి ఫైలు మర్చిపోతే రోజు వృథా. అబ్లేషన్ డిశ్చార్జి సమ్మరీ, పాత ఈసీజీలు, హోల్టర్, ఎకో రిపోర్టులు, మందుల చీటీ ఒకే ఫైల్లో ఉండాలి. అబ్లేషన్ చేసిన ఆసుపత్రులు కూడా "ఏఎఫ్ లేదు" అని రాసి చేతులు దులుపుకోకుండా, ఎక్స్‌ట్రా బీట్లు వస్తే ఏంచేయాలో తెలుగులో ఒక కాగితం రాసిస్తే ఎంతమంది అర్ధరాత్రి పరుగులు తప్పుతాయో!

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, ఆయాసం, అరగంటైనా దిగని వేగమైన క్రమంలేని దడ వస్తే ఆసుపత్రికి వెళ్లాలి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే అది పక్షవాతం కావొచ్చు, 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే. అబ్లేషన్ జరిగిన రెండు నెలల్లోపు జ్వరం, మింగుతుంటే నొప్పి వస్తే వైరల్ అనుకుని డోలో వేసుకుని పడుకోకండి. గుండెకూ అన్నవాహికకూ మధ్య రంధ్రం పడే ప్రమాదం చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. అబ్లేషన్ చేసిన డాక్టరుకే ముందు చెప్పాలి, ఛాతీ సీటీ స్కాన్ కాకముందే ఎండోస్కోపీ చేయించుకోకూడదు.

చివరగా బ్లడ్ థిన్నర్. ఎక్స్‌ట్రా బీట్లు తగ్గాయి కాబట్టి మానొచ్చని కొందరు, రక్తం పల్చబడడం వల్లే దడ వస్తోందేమోనని కొందరు దాన్ని ఆపేస్తున్నారు. రెండూ తప్పే. ఆ మాత్ర అవసరం వయసు, బీపీ, షుగర్, పాత పక్షవాతం, కవాటం మీద ఆధారపడుతుంది, గుండె ఎలా కొట్టుకుంటున్నట్టు అనిపిస్తోందన్న దానిమీద కాదు. కొరియాలో 840 మంది మీద జరిగి 2025లో వెలువడిన ప్రయోగం, అబ్లేషన్ తర్వాత ఏడాదిపాటు ఏఎఫ్ రానివాళ్లలో కొందరు దీన్ని మానొచ్చన్న దారి తెరిచింది, కానీ అది పరీక్షలతో ఖాయం చేసుకుని డాక్టరు తీసుకోవాల్సిన నిర్ణయం, రుమాటిక్ కవాటం ఉన్నవాళ్లకు వర్తించేది కాదు. 2002లో వచ్చిన అఫర్మ్ ప్రయోగంలో పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కువమంది వార్ఫరిన్ ఆపేసినవాళ్లు, లేదా ఐఎన్ఆర్ రెండుకన్నా తక్కువ ఉన్నవాళ్లు. మీ డాక్టరు మానమని చెప్పేదాకా ఆ మాత్ర మానకండి.